సోమవారం తొమ్మిదింటికి లాగిన్: ఆర్వీలో తిరుగుతూ ఉద్యోగం చేసుకోవడం ఎలా?

ఆర్వీలో, అంటే మంచం, వంటగది, బాత్రూం ఉన్న చక్రాల ఇంట్లో ఉంటూ అమెరికా అంతా చూద్దామనుకున్నవాళ్లు ముందుగా ఆర్వీలు చూడ్డం మొదలుపెడతారు. మేమూ అంతే. రెండు నెలలపాటు శని, ఆదివారాలు డీలర్ల దగ్గర తిరిగి మంచం ఎటు, స్టవ్వు ఎటు అని కొలతలు రాసుకున్నాం. ఉద్యోగం మానకుండా తిరగాలనుకునేవాళ్లకి ఆ వరస పనికిరాదు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఏ ఊళ్లో ఉన్నా, సోమవారం పొద్దున ఆఫీసు టైముకి లాగిన్ అయి, కెమెరా పెట్టుకుని గంటసేపు ఆటంకం లేకుండా మాట్లాడగలమా? దీనికి జవాబు దొరికితే బండి, ఊరు, దారి అన్నీ దాని చుట్టూ అమర్చుకోవచ్చు. దొరక్కపోతే ఎంత మంచి బండి కొన్నా ఆరు నెలల్లో అమ్మేసుకోవాల్సి వస్తుంది.

మా ఆయనా నేనూ ఇద్దరం ఐటీలోనే. ఇద్దరి ఆఫీసులూ ఈస్టర్న్ టైములో ఉన్నాయి. 28 అడుగుల ట్రావెల్ ట్రెయిలర్, దాన్ని లాగడానికి పికప్ ట్రక్కు. రెండేళ్లుగా అదే మా ఇల్లు. అడిగిన స్నేహితులందరికీ ఫోన్లో చెబుతూ వచ్చిన సంగతులే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి పని: వీసా, కంపెనీ, అడ్రసు

మనవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోవాల్సి ఉంటుంది. అందుకే బండి సంగతికన్నా ముందు చెబుతున్నాను. మీరు హెచ్-1బీ మీద ఉంటే, ఊరూరా తిరుగుతూ పనిచేయడం కుదరదనే అనుకోండి. మీ కంపెనీ లేబర్ శాఖ దగ్గర వేసిన ఎల్‌సీఏ అనే దరఖాస్తులో మీరు ఏ చోట కూర్చుని పనిచేస్తారో రాసి ఉంటుంది. ఆ మెట్రో ఏరియా దాటి పనిచేసే చోటు మారితే కంపెనీ కొత్త ఎల్‌సీఏ తీసుకుని, పిటిషన్ సవరించాలి. 2015లో సిమియో సొల్యూషన్స్ కేసు నిర్ణయంతో ఇందులో సందేహానికి తావు లేకుండా పోయింది. కొద్దిరోజుల పనికి ఒక వెసులుబాటు ఉన్న మాట నిజమే: ఏడాదికి 30 పనిదినాలు, ఇంకొన్ని షరతులు కుదిరితే 60. కానీ అది కంపెనీ తన పని మీద మిమ్మల్ని వేరే ఊరు పంపి, బస ఖర్చు తనే పెట్టుకున్నప్పటి మాట. వారానికో రాష్ట్రం మారేవాళ్లని ఉద్దేశించి పెట్టింది కాదు.

"ఎవరికి తెలుస్తుందిలే" అన్న మాట మన పార్టీల్లో చాలాసార్లు విన్నాను. ఏళ్ల తరబడి క్యూలో ఉన్న గ్రీన్‌కార్డు ఫైలుని ఒక వేసవి కోసం పణంగా పెట్టకండి. ఆర్వీ మీద అంత మనసుంటే అద్దెకి తీసుకుని, సెలవు పెట్టి తిరిగి రండి. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకి ఈ బెడద లేదు. హెచ్-4 ఈఏడీకి (భార్య లేదా భర్తకి వచ్చే పని అనుమతి) కూడా ఫలానా చోటే పనిచేయాలన్న ముడి లేదు, కానీ పక్కన హెచ్-1బీ ఉన్న మనిషి కదలలేరు కదా. ఏ స్థితిలో ఉన్నా, కదిలేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో అరగంట మాట్లాడండి. ఆ ఫీజుకి వెనకాడొద్దు. గ్రీన్‌కార్డు ఉన్నా సరే, అడ్రసు మారితే 10 రోజుల్లో ఏఆర్-11 ఫారం ద్వారా ఇమ్మిగ్రేషన్ శాఖకి తెలపాలన్నది కూడా గుర్తుంచుకోండి.

తర్వాత కంపెనీ. మేనేజర్ నోటిమాటగా సరేనంటే సరిపోదు, హెచ్ఆర్ నుంచి ఈమెయిల్ తెచ్చుకోండి. ఏ ఏ రాష్ట్రాల నుంచి, ఎన్నేసి రోజులు పనిచేయవచ్చో అందులో ఉండాలి. మీరు ఒక రాష్ట్రంలో కూర్చుని పనిచేస్తే అక్కడ మీకు ఆదాయపు పన్ను, కంపెనీకి పేరోల్ బాధ్యతలు వచ్చిపడొచ్చు. కొన్ని రాష్ట్రాల్లో మొదటి రోజు నుంచే లెక్క. అలాగే ఆఫీసు లాప్‌టాప్‌ని దేశం దాటించకూడదన్న నియమం చాలా కంపెనీల్లో ఉంటుంది. మోంటానాలో గ్లేసియర్ పార్కు చూశాక, పక్కనే కదా అని కెనడాలోకి వెళ్లి అక్కణ్నుంచి లాగిన్ అయితే సెక్యూరిటీవాళ్ల నుంచి ఫోనొస్తుంది.

ఇల్లు పూర్తిగా వదిలేసేవాళ్లు ఏదో ఒక రాష్ట్రాన్ని తమ స్థిరనివాసంగా పెట్టుకోవాలి. లైసెన్సు, ఓటు, బండి రిజిస్ట్రేషన్, ఉత్తరాలు అన్నీ అక్కడికే. ఆర్వీవాళ్లు ఎక్కువగా ఎంచుకునేవి సౌత్ డకోటా, టెక్సస్, ఫ్లోరిడా. మూడింట్లోనూ జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఉత్తరాలు అందుకుని మీరున్న చోటికి పంపించే సేవలూ బాగా స్థిరపడి ఉన్నాయి. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్ ఊళ్లో ఎస్కేపీస్ ఆర్వీ క్లబ్ దశాబ్దాలుగా ఇదే పని చేస్తోంది. అయితే టెక్సస్ అడ్రసు పెట్టుకోగానే పన్ను మాఫీ అనుకోవద్దు. మీ ఆఫీసు న్యూయార్క్‌లో ఉంటే, మీ సౌకర్యం కోసం బయట ఉండి చేసిన పనిని కూడా న్యూయార్క్ తన లెక్కలోకే వేసుకుంటుంది. ఆరోగ్య బీమా కూడా అప్పుడే చూసుకోండి. హెచ్ఎంఓ ప్లాను మీ ఊరి చుట్టుపక్కల డాక్టర్లకే పరిమితం, అత్యవసరమైతే తప్ప బయట చెల్లదు. దేశమంతటా నెట్‌వర్క్ ఉన్న పీపీఓ లేకుండా బయల్దేరకండి.

రెండో పని: కొనే ముందు ఒక పనివారం అద్దెకి

అద్దెకి తీసుకోమని అందరూ చెబుతారు. నేను చెప్పేది, సెలవులో వద్దు, పనిరోజుల్లో తీసుకోండి. ఔట్‌డోర్సీ, ఆర్వీషేర్ సైట్లలో మనుషులు తమ సొంత బండ్లే అద్దెకిస్తారు. క్రూజ్ అమెరికా కంపెనీలో క్లాస్-సీ బండ్లు (ట్రక్కు చట్రం మీద ఇల్లు కట్టినవి) దొరుకుతాయి. మీ ఇంటికి గంట దూరంలో ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో పెట్టుకుని, సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కణ్నుంచే ఉద్యోగం చేయండి. ఒక్క సెలవూ పెట్టొద్దు. బుధవారం వచ్చేసరికి మీకు సరిపడేదేదో, సరిపడనిదేదో వీపు చెబుతుంది, చెవులు చెబుతాయి, పక్క మనిషి ముఖం చెబుతుంది.

మాకు అలా తెలిసింది తలుపు సంగతి. మొదట మేం అద్దెకి తీసుకున్నది 22 అడుగుల క్లాస్-బీ వ్యాన్, అంటే వ్యాన్‌లోనే ఇల్లు అమర్చినది. నడపడం హాయి, మామూలు కారు పార్కింగ్‌లో కూడా దాదాపుగా పట్టేస్తుంది. కానీ మా ఇద్దరికీ ఒకే టైములో కాల్స్ పడ్డాయి. నాలుగడుగుల దూరంలో కూర్చుని ఇద్దరూ మాట్లాడుతుంటే నా క్లయింటుకి ఆయన స్ప్రింట్ ప్లానింగ్ అంతా వినబడింది. చివరికి నేను బాత్రూంలో మూత మీద కూర్చుని కాల్ ముగించాను. ఆ తర్వాత మా జాబితాలో మొదటి మాట ఒకటే: మధ్యలో వేసుకోగలిగే గట్టి తలుపు ఉండాలి. జారుడు కర్టెన్ లెక్కలోకి రాదు. ఒంటరిగా ఉండేవాళ్లకి వ్యాన్ చక్కగా సరిపోతుంది. ఇద్దరు ఉద్యోగస్తులైతే పడకగది విడిగా ఉన్న ట్రావెల్ ట్రెయిలరో, ఫిఫ్త్ వీలో (ట్రక్కు తొట్టిలో కొక్కెం పెట్టి లాగే పెద్ద ట్రెయిలర్), 28 అడుగులకి తక్కువ కాని క్లాస్-సీనో చూడండి.

ట్రెయిలర్‌కి ఇంకో లాభం, దాన్ని విప్పి పెట్టేసి ట్రక్కులో కొట్టుకీ, గుడికీ వెళ్లొచ్చు. ట్రక్కు విషయంలో డీలర్ చెప్పే "లాగే శక్తి" అంకెని నమ్ముకోకండి. డ్రైవర్ తలుపు చట్రం మీద పేలోడ్ స్టిక్కర్ ఉంటుంది, అదీ అసలు అంకె. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు వెనక కొక్కెం మీద పడుతుంది. దానికి మీ ఇద్దరి బరువు, ట్రక్కులో వేసిన సామాను కలిపితే స్టిక్కర్ మీది అంకె దాటకూడదు. పాత బండి కొంటే టైరు పక్కన డాట్ నంబర్‌లో చివరి నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. పైకి కొత్తగా మెరుస్తున్నా, ఏళ్లు గడిచిన టైరు ఎండలో పగిలిపోతుంది.

మూడో పని: నెట్టు, రెండు దారుల్లో

ఒకే ఇంటర్నెట్ మీద ఆధారపడి ఉద్యోగం చేయకూడదు. ఇందులో పొదుపుకి పోకండి. మా దగ్గర స్టార్‌లింక్ (ఉపగ్రహాల నుంచి నెట్టు తెచ్చే డిష్) ఒకటి, రెండు సిమ్‌లు పట్టే సెల్యులర్ రౌటర్ ఒకటి ఉన్నాయి. సిమ్‌లు రెండూ వేర్వేరు కంపెనీలవి. వెరైజన్, ఏటీఅండ్‌టీ, టీ-మొబైల్‌లలో ఏ రెండైనా సరే. ఒకే లోయలో ఒక కంపెనీకి నాలుగు సిగ్నల్ గీతలుంటాయి, ఇంకోదానికి సున్నా. ఏది ఎక్కడ పనిచేస్తుందో కంపెనీల మ్యాపుల కంటే క్యాంపెండియం అనే సైటులో, అక్కడ దిగినవాళ్లు రాసిన వివరాల్లో బాగా తెలుస్తుంది. ఏ కంపెనీకి ఎన్ని గీతలొచ్చాయో సైటు పేరుతో సహా రాస్తారు.

స్టార్‌లింక్ ఉంటే చాలనుకునేవాళ్లకి ఒక మాట. దానికి తెరిచి ఉన్న ఆకాశం కావాలి. అరిజోనా ఎడారిలో దానికి తిరుగులేదు. అదే ఒరెగాన్‌లో పొడవాటి డగ్లస్ ఫర్ చెట్ల మధ్య పెడితే ప్రతి రెండు మూడు నిమిషాలకీ క్షణంపాటు తెగుతుంది. సినిమా చూస్తుంటే తెలియదు కానీ, కాల్‌లో మీ మాట సగంలో మింగేస్తుంది. సైటు బుక్ చేసుకునేటప్పుడే ఉపగ్రహ చిత్రంలో చెట్ల నీడ చూసుకోండి. దిగగానే యాప్‌లో ఫోన్ కెమెరాని ఆకాశం వైపు తిప్పితే ఎక్కడ అడ్డం వస్తుందో చూపిస్తుంది. డిష్‌ని బండి మీద బిగించేయకుండా పొడవు కేబుల్‌తో కిందే ఉంచుకుంటే, చెట్టు అడ్డమైనా ముప్పై అడుగులు జరిపి పెట్టుకోవచ్చు.

స్పీడ్ చూసేటప్పుడు డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోవద్దు. కాల్స్‌కి అప్‌లోడ్ ముఖ్యం. అది 3 నుంచి 5 ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు. సిమ్ ప్లానుల్లో హాట్‌స్పాట్ పరిమితి కూడా చదవండి. వీడియో కాల్ గంటకి ఒక జీబీ దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తింటుంది. ఇద్దరు మనుషులు, రోజుకి నాలుగేసి గంటల కాల్స్ అయితే నెలాఖరుకి లెక్క ఎంత అవుతుందో వేసుకోండి. క్యాంప్‌గ్రౌండ్ వైఫైని లెక్కలోకే తీసుకోకండి. పొద్దున పదింటికి బాగానే ఉంటుంది, సాయంత్రం అందరూ వచ్చి టీవీలు పెట్టగానే కూలబడుతుంది. అన్నీ పోయిన రోజుకి మూడో దారి ఊరి పబ్లిక్ లైబ్రరీ. చిన్న ఊళ్ల లైబ్రరీల్లో కూడా తలుపు వేసుకునే స్టడీ రూములు తరచుగా ఉంటాయి. మేం ఊళ్లోకి దిగిన రోజే అది ఎక్కడుందో, ఎన్నింటికి తెరుస్తారో చూసిపెట్టుకుంటాం.

నాలుగో పని: కరెంటు లెక్క

కాగితం తీసుకుని వేయండి, ఇది కష్టమైన లెక్క కాదు. మా ఇద్దరి లాప్‌టాప్‌లు కలిపి సగటున 100 వాట్లు, ఒక మానిటర్ 30, స్టార్‌లింక్ 70. మొత్తం 200 వాట్లు. తొమ్మిది గంటల పనిరోజుకి 1,800 వాట్ అవర్లు. 12 వోల్టుల, 100 ఆంప్ అవర్ల లిథియం బ్యాటరీ ఒక్కోదానిలో దాదాపు 1,280 వాట్ అవర్లు ఉంటాయి. ఇన్వర్టర్‌లో పోయేది, ఫ్యాను, లైట్లు, ఫ్రిజ్ కంట్రోళ్లు కలుపుకుంటే హుకప్ (క్యాంప్‌గ్రౌండ్‌లో బండికి కరెంటు, నీళ్లు కలుపుకునే ఏర్పాటు) లేని చోట మాకు రోజుకి రెండు బ్యాటరీలు కావాలి. పాతరకం లెడ్ యాసిడ్ బ్యాటరీలైతే సగానికి మించి వాడకూడదు, అంటే అదే పనికి నాలుగు కావాలి, బరువూ అంతకంత. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ వేసవి ఎండలో రోజుకి 1,500 నుంచి 2,000 వాట్ అవర్లు ఇస్తుంది. చలికాలంలో అందులో సగం వస్తే అదృష్టం. అందుకని పనిరోజుల్లో మేం కరెంటు హుకప్ ఉన్న చోటే ఉంటాం. అడవిలో, ఎడారిలో దిగడం సెలవు పెట్టినప్పుడే.

హుకప్ ఉన్నా జాగ్రత్త అవసరమే. 30 ఆంపుల ప్లగ్గు అంటే 120 వోల్టుల దగ్గర మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తుంటే 1,500, వాటర్ హీటర్ 1,400, ఇన్‌స్టంట్ పాట్ 1,000. మధ్యాహ్నం పన్నెండున్నరకి మూడూ కలిస్తే సైటులో కరెంటిచ్చే స్తంభం దగ్గర బ్రేకర్ ఠప్పున పడిపోతుంది, సరిగ్గా కాల్ మధ్యలో. మేం చేసిన ఉపాయం, రౌటర్‌ని గోడ ప్లగ్గుకి కాకుండా నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి కలపడం. బ్రేకర్ పడ్డా నెట్టు పోదు, లాప్‌టాప్‌కి దాని బ్యాటరీ ఉంటుంది, కాల్ అయ్యాకే బయటికెళ్లి బ్రేకర్ లేపొచ్చు. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో ఒక కాగితం అంటించాను: "ఏసీ ఉంటే హీటర్ ఆఫ్, కుక్కర్‌కి ముందు చెప్పు." స్తంభానికి కేబుల్ పెట్టేముందు మధ్యలో సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి. కొన్ని పాత పార్కుల్లో వైరింగ్ తిరగబడి ఉంటుంది, ఆ డబ్బా ఉంటే ఎర్ర లైటు వేసి ఆపేస్తుంది.

వంటింటి సంగతి

ఇండియా నుంచి తెచ్చిన 220 వోల్టుల మిక్సీ ఇక్కడ పనికిరాదని తెలిసిందే, 110 వోల్టులది కొనుక్కోండి. అసలు కష్టం పోపుతో. ట్రెయిలర్‌లో పైకప్పు చేతికందేంత ఎత్తులో ఉంటుంది, పొగ అలారం స్టవ్వుకి ఐదారడుగుల దూరంలో. ఎండుమిరపకాయ నల్లబడేలోపే అది అరుస్తుంది. అలారం బ్యాటరీ తీసేస్తే పోలా అన్న ఆలోచన ఎప్పటికీ రానివ్వకండి. అంత చిన్న చోట గ్యాసు, మంట, నిద్ర మూడూ పక్కపక్కనే ఉంటాయి. బయట బల్ల మీద చిన్న ఇండక్షన్ పొయ్యి పెట్టుకుని పోపు అక్కడే వేసి, తెచ్చి పప్పులో కలపండి. కాల్ ఉన్న పూట ఇంకా మంచిది, ఇల్లంతా ఘాటు నిండదు. ఎలుగుబంట్లు తిరిగే యెల్లోస్టోన్, గ్లేసియర్ వైపు మాత్రం బయట వండినవి, గిన్నెలు, చివరికి నూనె మరకల గుడ్డ కూడా వెంటనే లోపల పెట్టేయాలి.

గిన్నెలు కడిగిన నీళ్లు గ్రే ట్యాంకులోకి పోతాయి. పప్పు, నూనె, పసుపు అందులో పేరుకుంటే వాసన వదలదు, నీటిమట్టం చూపించే సెన్సర్లు కూడా పనిచేయడం మానేస్తాయి. ముందు పేపర్ టవల్‌తో తుడిచి, తర్వాత కడగండి. డంప్ స్టేషన్‌లో ట్యాంకులు ఖాళీ చేసేటప్పుడు మొదట బ్లాక్ ట్యాంకు (టాయిలెట్‌ది), తర్వాత గ్రే. ఆ సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. బ్లాక్ వాల్వు మూసే ఉంచి, మూడింట రెండొంతులు నిండాకే వదలండి. తెరిచి ఉంచితే నీళ్లు పోయి గట్టిది అడుగున మిగిలిపోతుంది.

కొలరాడోలో లెడ్‌విల్ లాంటి 10,000 అడుగులు దాటిన ఊళ్లలో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, గిన్నెలో అన్నం పలుకుగా ఉండిపోతుంది. అక్కడ కుక్కరే శరణ్యం. కందిపప్పు, చింతపండు, ఇంగువ ఫీనిక్స్, డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ లాంటి చోట్ల నెలకి సరిపడా కొనిపెట్టుకోండి. వయోమింగ్‌లోకి దిగాక వందల మైళ్లు మనవాళ్ల కొట్టు కనబడదు.

చోటు ఎంచుకోవడం, వారం నడిపించడం

నేషనల్ పార్కు లోపల ఉండి పనిచేద్దామన్న ఆశ చాలామందికి ఉంటుంది. చాలా పార్కుల క్యాంప్‌గ్రౌండ్లలో హుకప్ ఉండదు, సిగ్నల్ అంతకన్నా ఉండదు. యెల్లోస్టోన్ మొత్తానికి హుకప్ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర ఒక్కటే. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో ట్రెయిలర్ విలేజ్ ఉంది. ఇవి నెలల ముందే నిండిపోతాయి. మేం చేసేది వేరు. పార్కు గుమ్మంలో ఉండే ఊళ్లో రెండు వారాలు దిగుతాం. ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్‌కి మోయాబ్. మెసా వెర్డేకి కోర్టెజ్. గ్రాండ్ కాన్యన్‌కి గంట దూరంలో విలియమ్స్. ఊరన్నాక టవర్ ఉంటుంది, లైబ్రరీ ఉంటుంది, గ్యాసు నింపేవాడు ఉంటాడు.

పడమటికి వెళ్తే ఈస్టర్న్ ఆఫీసు వాళ్లకి వరం లాంటి సంగతి ఒకటుంది. తొమ్మిదింటి మీటింగ్ మోయాబ్‌లో ఏడింటికి పడుతుంది. చీకటితో లేచి మూడింటికల్లా లాప్‌టాప్ మూసేస్తే, వేసవిలో ఇంకా ఐదు గంటల పైన వెలుగు మిగిలి ఉంటుంది. డెలికేట్ ఆర్చ్ దాకా నడిచి, పొద్దు గుంకేటప్పుడు ఆ రాయి ఎర్రబడ్డం చూసి, బుధవారం రాత్రి ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాం. ఈ బతుకు మీద మాకు మనసు కుదిరింది ఆ రోజే.

హుకప్ లేకుండా ఉచితంగా ఉండాలంటే పడమటి రాష్ట్రాల్లో బీఎల్ఎం భూములు (కేంద్ర ప్రభుత్వ భూములు) బోలెడు. చాలాచోట్ల 28 రోజుల్లో 14 రోజులే ఒక చోట ఉండాలి, తర్వాత దూరం జరగాలి. జనవరిలో అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ చుట్టుపక్కల ఎడారంతా ఆర్వీలే. మొదటిసారి హుకప్ లేకుండా ఉండి చూడాలనుకునేవాళ్లకి అది మంచి చోటు, ఏ కష్టమొచ్చినా పక్క బండిలోని పెద్దాయనెవరో పనిముట్ల పెట్టెతో వస్తారు.

బండి కదిపేది శనివారం మాత్రమే అని నియమం పెట్టుకోండి. ఆదివారం కదిలితే, దారిలో టైరు పోయినా, సైటులో సిగ్నల్ లేకపోయినా సర్దుకోవడానికి రోజు ఉండదు. 300 మైళ్లకి మించి నడపకుండా, మధ్యాహ్నం మూడింటికల్లా చేరుకోవాలి, చేరినచోట కనీసం మూడు రాత్రులు ఉండాలి అని ఆర్వీవాళ్లు చెప్పుకుంటారు. మేం మూడు రాత్రుల్ని రెండు వారాలుగా మార్చుకున్నాం, వారానికో ఊరు మారితే పనిలో మనసు నిలవదు. వయోమింగ్‌లో ఐ-80 మీద గాలి హెచ్చరిక ఉన్నరోజు ట్రెయిలర్ లాగకండి, ఒక రాత్రి ఆలస్యమైతే ఏమీ కాదు. మీ బండి ఎత్తుని అడుగులు, అంగుళాల్లో కొలిచి స్టీరింగ్ ముందు అంటించుకోండి. గ్యాసు సిలిండర్లు ఉన్నవాళ్లని బాల్టిమోర్‌లో హార్బర్ సొరంగంలోకి, ఫోర్ట్ మెక్‌హెన్రీ సొరంగంలోకి రానివ్వరు, ఆ ఊరు దాటాలంటే వేరే దారి ముందే చూసుకోండి.

గడియారం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ మేం ఆఫీసులో మాట పడింది దీని వల్లే. అరిజోనాలో వేసవికి గడియారం ముందుకి జరపరు. ఆ రాష్ట్రంలోనే ఉన్న నవాహో నేషన్‌లో జరుపుతారు. జూన్‌లో మేం మాన్యుమెంట్ వ్యాలీ దగ్గర ఉన్నాం. అది నవాహో భూమి, ఈస్టర్న్ తొమ్మిది అంటే అక్కడ ఏడు. ఆరున్నరకి అలారం పెట్టుకుని వారమంతా హాయిగా పనిచేశాం. శనివారం పేజ్ ఊరికి వచ్చాం, అది నవాహో హద్దు బయట. అలారం మార్చాలని ఇద్దరికీ తోచలేదు. సోమవారం ఆరున్నరకి అలారం మోగి, నేను కాఫీ పెట్టుకుంటుంటే ఆఫీసులో తొమ్మిదిన్నర అయింది. స్టాండప్ (రోజూ పొద్దున జరిగే చిన్న టీం మీటింగ్) అయిపోయింది. పైగా పేజ్‌లో ఫోను పక్క యూటా టవర్‌నో, నవాహో టవర్‌నో పట్టుకున్నప్పుడల్లా గంట ముందుకి దూకుతుంది.

అప్పట్నుంచి లాప్‌టాప్ గడియారం, క్యాలెండర్ రెండూ ఈస్టర్న్‌కే కట్టేశాం, ఆటోమేటిక్ ఆపేశాం. మంచం పక్కన మామూలు బ్యాటరీ అలారం గడియారం ఒకటి ఉంది, అదీ ఈస్టర్న్‌లోనే. కిటికీ బయట సూర్యుడు ఎక్కడున్నా మా పని గంటలు దాన్ని బట్టే.

ఆదివారం సాయంత్రం

ఐదింటికి మొదలుపెడతాం, ముప్పావుగంట పడుతుంది. ఇద్దరం చెరో చోట, ఆయన పడకగదిలో, నేను డైనింగ్ బల్ల దగ్గర కూర్చుని ఒకరికొకరం వీడియో కాల్ చేసుకుంటాం, పది నిమిషాలు. ముందు స్టార్‌లింక్ మీద. తర్వాత దాన్ని తీసేసి సిమ్ మీద. కాల్ తెగకుండా రెండోదానికి మారిందా అని చూస్తాం. డైనింగ్ బల్ల కాలు ఊగుతుంది కాబట్టి కింద చెక్క దూర్చి, లాప్‌టాప్‌ని స్టాండ్ మీద కంటి ఎత్తుకి లేపుతాను. ఆ బల్ల దగ్గరి సోఫా మీదే నెలరోజులు పనిచేసి నడుం పట్టేశాక, మడిచిపెట్టుకునే సరైన కుర్చీ ఒకటి కొన్నాం. ట్రక్కులో చోటు తినేసినా దాన్ని వదలం. వెనక గోడ మీద ఏం కనిపిస్తుందో చూసుకుని, ఆరేసిన బట్టలు తీసేస్తాను. బ్యాటరీ శాతం, గ్యాసు, నీళ్లు, రాత్రి ఎంత చలి పడుతుందో చూస్తాం. సున్నా డిగ్రీలకి దిగేలా ఉంటే బయటి నీళ్ల గొట్టం విప్పి లోపలి ట్యాంకు నుంచి వాడతాం, లేకపోతే పొద్దుటికి గొట్టంలో మంచు కట్టి కాఫీకి నీళ్లుండవు.

చివరగా మినప్పప్పు నానబోసి, ఈస్టర్న్ గడియారంలో అలారం ఎనిమిదింటికి తిప్పుతాను.